పుచ్చుకొనుటయు దాసోహమే



"దాసోహము" అను మాట వినగానే భక్తునికి మొదట స్ఫురించునది పెట్టుట. మఠములో పంక్తిభోజనము, జాతరలో అన్నదానము, బాటసారికి గుక్కెడు మజ్జిగ, ఇవన్నియు దాసోహములే. పెట్టుటలో పుణ్యము కలదని భక్తులకు వేరుగ బోధింపనక్కరలేదు. కాని పెట్టెడి చేయి ఎప్పుడును పైన నుండును, పుచ్చుకొనెడి చేయి క్రింద నుండును. ఎల్లకాలము పైచేయిగా నుండగోరువాడు "దాసోహం", అనగా "నేను దాసుడను" అని నిజముగా పలికినవాడగునా? ఈ ప్రశ్నకు ఒక యువకునికి సమాధానము దొరకినది గ్రంథములో కాదు, గురుపీఠము కడ కాదు. పరదేశమున, ఒక అన్నపు పళ్ళెము ముందు.

ఐక్యరాజ్యసమితి 1970లో స్వచ్ఛంద సేవకుల కార్యక్రమమును నెలకొల్పినది మొదలు భారతదేశమునుండియు అనేకులు ఆ మార్గమున పరదేశసేవకు వెళ్ళిరి. అట్టివారిలో రాయలసీమకు చెందిన లింగధారి యువకుడొకడు తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియాకు ఉపాధ్యాయుడుగా వెళ్ళెను. అతడు చేరినది పీఠభూమిపై నున్న ఒక చిన్న పట్టణము. బడిలో తోటి ఉపాధ్యాయులందరు ఆ దేశస్థులే. కొందరు అచ్చటి ప్రాచీన క్రైస్తవ సంఘమునకు చెందినవారు, కొందరు మహమ్మదీయులు.

యువకుడు పనిలో ఏ లోపమును చేయలేదు. సాయంకాలము కూడ పిల్లలను కూర్చుండబెట్టి లెక్కలు చెప్పెను. తన జీతపు రాళ్ళతో వారికి పుస్తకములు కొనియిచ్చెను. కాని మధ్యాహ్నపు గంట మ్రోగగానే డబ్బా తీసికొని ఒక మూలగదికి పోయి, ఇష్టలింగమునకు అర్పించి, ఒంటరిగా భుజించుచుండెను. ఎవరైన పిలిచిన "ఆకలి లేదు" అని తప్పించుకొనెడివాడు. శాకాహార నియమము చెడునేమో అనునది అతని మొదటి భయము. రెండవ భయమును అతడు తనలో తానైనను ఒప్పుకొనలేదు. అచ్చట పళ్ళెము ఒక్కటి. దాని చుట్టు ఆరుగురు. ఆ ఒక్క పళ్ళెములో ఆరు చేతులు. చిన్ననాటినుండి చెవులలో మ్రోగిన "ఎంగిలి" అను మాట అతని గొంతుకు అడ్డుపడెను.

ఆ దేశపు భోజన విధానము తెలిసికొనదగినది. టెఫ్ అను ధాన్యము వారికి ప్రాణము. దాని గింజ ఆవగింజకంటె చిన్నది. ఆ పిండిని కలిపి రెండు మూడు దినములు పులియబెట్టి, పెద్ద మట్టి పెనముపై వెడల్పుగా పోసి కాల్తురు. కన్నులు కన్నులుగా, మెత్తగా, పుల్లగా నుండు ఆ అట్టును ఇంజెరా అందురు. దానిని పళ్ళెము నిండ పరచి, దానిమీదనే మసూరిపప్పు, శనగపిండితో కాచిన షిరో, ఉడికించిన ఆకుకూర కుప్పలు కుప్పలుగ వడ్డింతురు. వేరు విస్తరి లేదు. చుట్టు కూర్చున్నవారు చేతులు కడుగుకొని, తమ వైపు అంచును కుడిచేత త్రుంచి, దానితో కూరను పట్టుకొని తిందురు. అందరును తిన్న పిదప కూరల సారమంతయు పీల్చుకొన్న అడుగు అట్టు మిగులును. దానినికూడ విడువరు.

ఒక బుధవారమునాడు పెద్దవాడైన ఒక ఉపాధ్యాయుడు మూలగది గడప యొద్దకు వచ్చి నిలిచెను. "సోదరా, నీవు మాంసము ముట్టవని మాకు తెలియును. ఈ దినము బుధవారము. బుధ శుక్రవారములలో మాకును వ్రతమే. మాంసము లేదు, గ్రుడ్డు లేదు, పాలు వెన్నలు కూడ లేవు. పళ్ళెములో నున్నదంతయు నీవు తినదగినదే. రమ్ము" అనెను.

యువకుడు మాటలకు తడుముకొనెను. వెనుకనే వచ్చిన మహమ్మదీయ ఉపాధ్యాయుడు నవ్వుచు ఇట్లనెను: "వీరు కోసిన మాంసము నేను తినను. మేము కోసినది వీరు తినరు. అయినను మేమిద్దరము ఇన్ని యేండ్లుగ ఒకే పళ్ళెములో తినుచున్నాము. ఎవరి నియమము వారిది, పళ్ళెము అందరిది."

అప్పుడు పెద్దాయన మెల్లగా అడిగెను: "నీవు మా పిల్లలకు చదువు పెట్టుచున్నావు, మేము పుచ్చుకొనుచున్నాము. మేము పెట్టినది మాత్రము నీవు పుచ్చుకొనవు. నీకు పెట్టదగినవారము కామా?"

ఆ మాట బాణమువలె నాటెను. యువకుడు లేచి వెళ్ళి వారి నడుమ కూర్చుండెను. ఒకరు చేతులపై నీరు పోసిరి. అతడు ఇష్టలింగమును స్మరించి, పళ్ళెములోని అన్నమును మనసులోనే లింగమునకు సమర్పించెను. తన చేయి పళ్ళెమువైపు చాచునంతలో, పెద్దాయన ఒక ముద్ద చుట్టి అతని నోటికి అందించెను. ఆ దేశమున దీనిని గుర్షా అందురు. ప్రేమించినవారికి, గౌరవింపదగినవారికి స్వహస్తముతో ముద్ద పెట్టుట వారి ఆచారము. తల్లి చేతి ముద్ద తరువాత మరియొకరి చేతి ముద్ద ఆ యువకుడెరుగడు. అతని కన్నులు చెమర్చెను. పిదప తానును ఒక ముద్ద చుట్టి, వణకు చేతితో పెద్దాయన నోటికి అందించెను.

ఈ వృత్తాంతములో విచారింపదగినవి రెండు కలవు.

మొదటిది, నియమము వేరు, భేదభావము వేరు. ఆ యువకుడు శాకాహార వ్రతమును విడువలేదు. విడువుమని ఎవరును అడుగలేదు. స్వయముగా వ్రతములు గలవారగుటచే వారే అతని వ్రతమును కాపాడిరి. అతడు విడిచినది ఎంగిలి అను శంకను మాత్రమే. ఆ శంక వీరశైవమునకు పరాయిది. జననము, మరణము, రజస్సు, జాతి, ఉచ్ఛిష్టము అను పంచసూతకములు లింగధారికి లేవని పెద్దలు ఘోషించిరి గదా! ఉచ్ఛిష్టమనగా ఎంగిలియే. లింగమునకు సమర్పితమైన పిదప అది పదార్థము కాదు, ప్రసాదము. ప్రసాదమునకు ఎంగిలి యెక్కడిది? నియమము భక్తుని నాలుకను కట్టివేయవలెను గాని, తోటివాని చేతిని త్రోసివేయరాదు.

రెండవది, పుచ్చుకొనుటలోని వినయము. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో మాదర చెన్నయ్య కథ కలదు. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చెడి నిరుపేద, అంత్యకులజుడు. అతని భక్తి లోకమునకు తెలియదు. రాజు నిత్యము శివునకు షడ్రసోపేతముగ నివేదించుచుండ, శివుడు ఆరగించుచుండెడివాడు. ఒకనాడు శివుడు రాజు నైవేద్యమును ముట్టలేదు. రాజు తన వలన ఏ అపచారము జరిగెనోయని తల నరుకుకొనబోగా, శివుడు ప్రత్యక్షమై, తాను చెన్నయ్యతో కూడి అంబలి త్రాగి వచ్చితినని చెప్పెను. రాజు చెన్నయ్య పాదములపై వ్రాలెను. లోకములకు అన్నము పెట్టు పరమేశ్వరుడే గడ్డికోయువాని ఇంట చేయి చాచి అంబలి పుచ్చుకొనెను. "నాకు పెట్టుటకు నీవు తగుదువు" అనుటకంటె పేదవానికి చేయగల గౌరవమేమున్నది? దానము పొందినవాడు ఋణపడును. పెట్టగలిగినవాడు తలయెత్తి నిలుచును. ఒకని అన్నమును ప్రేమతో పుచ్చుకొనువాడు వానికి ఆ నిలుచు చోటును ఇచ్చుచున్నాడు.

ఇంకొక సంగతి. రాయలసీమలో సంగటి ముద్దకు ఆధారమైన రాగి, ఆదిలో తూర్పు ఆఫ్రికా మెట్టభూములలో సాగై, వేల యేండ్ల క్రిందట ఈ దేశమునకు వచ్చిన పంట అని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఉదయమున త్రాగు కాఫీకిని పుట్టినిల్లు ఆ ఇథియోపియా అడవులే. "నేను వీరికి ఇచ్చుటకు వచ్చితిని" అని తలచిన యువకుడు, తన తాతముత్తాతల నాటినుండియు వారి నేల పెట్టిన అన్నమునే తినుచుండెను. ఎవడు దాత? ఎవడు గ్రహీత? ఈ లెక్క తీయబోయినకొలది అహంకారము కరుగును, మిగులునది దాసోహమే.

ఆ యువకుడు సేవాకాలము ముగించి స్వగ్రామము చేరెను. ఒక మధ్యాహ్నము పొలమున కూలీలు గట్టుమీద చద్ది మూటలు విప్పుచుండిరి. చిన్ననాటినుండి అతడు చూచిన దృశ్యమే అది. ఆ గట్టుమీద ఏనాడును తాను కూర్చుండలేదని అప్పుడే అతనికి తోచెను. ఊరి టీ దుకాణములో కొందరికి వేరు గ్లాసు పెట్టుట చూచుచు పెరిగి, ఎన్నడును అడుగలేదని గుర్తుకు వచ్చెను. సముద్రము దాటి నేర్చిన పాఠము చెరువుగట్టు దాటకున్న ఫలమేమి? అతడు చెప్పులు విడిచి గట్టెక్కి, "అవ్వా, నాకును ఒక ముద్ద పెట్టవా?" అని చేయి చాచెను. ముసలమ్మ బిత్తరపోయి అతని మొగము వంక చూచెను. "మా సంగటి నీవు తిందువా, అయ్యా?" అనెను. చాచిన చేయి అతడు వెనుకకు తీసికొనలేదు. కొంతసేపటికి ఆమె ముద్ద త్రుంచి, నడుమ గుంట చేసి పులుసు పోసి, అతని చేతిలో నుంచెను.

భక్తులారా! ఈ మారు దాసోహపు పంక్తిలో వడ్డించుటకు గరిటె పట్టునపుడు, మీరు ఎవరి ఇంట చేయి చాచి పుచ్చుకొంటిరో ఒక్కసారి తలచుకొనుడు. ఆ ఇల్లు ఇంతవరకు లేదేని, ముందుగ ఆ గడపకు వెళ్ళుడు. పెట్టు చేతికి బలమును, పుచ్చుకొను చేతికి వినయమును బసవేశ్వరుడు అనుగ్రహించుగాక!

శివార్పణమస్తు.