ఒకే శ్లోకం, రెండు శబ్దాలు

మా అమ్మకు చెవులు బాగా మందగించాయి. సాయంత్రం దీపం పెట్టాక ఘంటసాల భగవద్గీత వినడం ఆవిడకు ఏళ్లనాటి అలవాటు. ఆవిడకు వినబడేంత పెంచితే మిగతావాళ్లం ఆ గదిలో కూర్చోలేం. అందుకని కంప్యూటరు నుంచి ఒకే ఆడియోను రెండు దారుల్లో పంపిస్తున్నాను. ఆవిడ చెవులకు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, మాకు గోడవార స్పీకర్లు.

మాక్‌లో దీనికి ఆడియో మిడి సెటప్ అనే ప్రోగ్రాం ఉంది. అందులో మల్టీ అవుట్‌పుట్ డివైస్ ఒకటి తయారుచేసి, రెండు పరికరాలకూ టిక్కు పెట్టాలి. అంతటితో అయిపోదు. ఏ పరికరం గడియారం దానిదే. రెండూ సెకనుకు 48,000 నమూనాల చొప్పున వాయించాల్సినవే, కానీ ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా చాలు, గంట గడిచేసరికి ఒకటి రెండోదానికన్నా 0.18 సెకను వెనకబడుతుంది. అందుకే ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకుని, రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ పెడతాం. ఇక ఆ రెండోదాని నమూనాలను కంప్యూటరు రవంత సాగదీస్తూ, రవంత కుదిస్తూ మొదటిదాని వెంట నడిపిస్తుంది. బ్లూటూత్ ఆలస్యం వేరే ఉండనే ఉంది. ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించి, రెండో చెవిని గదికి వదిలేస్తే ‘పార్థా’ అన్న పిలుపు రెండుసార్లు వినబడుతుంది. రెంటి మధ్య ఎడం సుమారు 30 మిల్లీసెకన్ల లోపుంటే చెవి కలిపి ఒకటిగా వింటుందని 1949లో హెల్ముట్ హాస్ చూపించాడు. ఇక్కడి ఎడం అంతకన్నా ఎక్కువ.

మరి అమ్మా నేనూ విన్నది ఒక శబ్దమా, రెండా?

జైమిని మీమాంసా సూత్రాల్లో ఈ చిక్కును తనే ఎత్తుకున్నాడు. ఒకే వేళ పలుచోట్ల వినబడే శబ్దం నిత్యమూ ఏకమూ ఎలా అవుతుందని ఆక్షేపణ. సమాధానంగా సూర్యుణ్ణి చూపించాడు. ఊరూరా కనబడినంత మాత్రాన సూర్యులు అనేకులు కారు గదా! మీమాంసకుల లెక్కలో వర్ణం, అంటే అక్షరంగా వినబడే శబ్దం, పుట్టదు, చావదు. గాలి కదలికతో వచ్చే ధ్వని దాన్ని వెలికితెస్తుంది, అంతే. హెచ్చుతగ్గులు ధ్వనివే గాని వర్ణానివి కావు. ఆ లెక్కన నా బ్లూటూత్ ఆలస్యం కూడా ధ్వని ఖాతాలోకే పోతుంది. పదునైన సమాధానమే. గడియారాల తేడా చూపించి మీమాంసకుణ్ణి ఓడించలేం.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఆయన చెప్పిన ప్రకారం శబ్దం చెవికి అందే గుణం, ఆకాశానికి చెందినది. ఆయన పక్షంవాళ్లయిన నైయాయికులకు, అంటే న్యాయశాస్త్రం వాళ్లకు, అది పుట్టి నశించేది. ఒక శబ్దం మరో శబ్దాన్ని పుట్టిస్తూ, నీటి మీద అలల వరసలా సాగి చెవిని చేరుతుంది. మనం వినేది మన చెవిలో పుట్టిన ఆఖరి శబ్దాన్నే. ఆ మాటకొస్తే ఒక్క స్పీకరే ఉన్నా, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే శబ్దం వినరు. నా కంప్యూటరు కొత్తగా విడదీసిందేమీ లేదన్నమాట.

మీమాంసకుడైన కుమారిలభట్టు పక్షానికి అసలు బలం ప్రత్యభిజ్ఞ, అంటే గుర్తుపట్టడం. నిన్న విన్న గకారమే ఇది అని గుర్తుపడతాం, కాబట్టి అది ఒక్కటే అంటారు. ‘అదే మందు’ అనడం లేదా అని నైయాయికుల జవాబు. మా అమ్మ పొద్దున్నే ‘అదే బీపీ మాత్ర’ వేసుకుంటుంది. నిన్నటి మాత్ర నిన్ననే కరిగిపోయింది. గుర్తుపట్టింది జాతిని, వ్యక్తిని కాదు.

ఈ వాదంలో నేనెటో తేల్చింది అమ్మే. ఒకనాడు వేరొకరు చదివిన గీత పెట్టాను. అవే శ్లోకాలు, అవే వర్ణాలు, అదే వరస, అక్షరం పొల్లుపోలేదు. రెండు శ్లోకాలు కాకుండానే ఆవిడ హెడ్‌ఫోన్లు తీసేసి, “ఇది కాదురా, ఘంటసాలది పెట్టు” అంది. చెవులు అంత మందగించినా గొంతును గుర్తుపట్టింది. వర్ణాన్ని గుర్తుపట్టడం దాని నిత్యత్వానికి రుజువైతే, ఆ గొంతు కూడా నిత్యం కావాలి. కానీ గొంతు మీమాంసకుల లెక్కలో ధ్వనే, నశించేదే. గొంతు విషయంలో గుర్తుపట్టింది పోలికనే అంటే, వర్ణం విషయంలోనూ పోలికనే అని ఒప్పుకోక తప్పదు.

ఆ గొంతు నిత్యమైతే బాగుండునని నాకూ ఉంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. ఆయన నోట పుట్టిన శబ్దాలు పాడిన క్షణాల్లోనే పోయాయి. ఇప్పుడు హెడ్‌ఫోన్లో ఒకటి, స్పీకర్లో ఒకటి కొత్తగా పుడుతున్నాయి, ఆ జాతివే. మల్టీ అవుట్‌పుట్ పెట్టుకుంటే మాక్‌లో రెంటికీ కలిపి వాల్యూమ్ మార్చడం కుదరదు. అమ్మది హెడ్‌ఫోను మీదే పెంచాలి, మాది స్పీకరు దగ్గరే తగ్గించాలి. అన్నంభట్టు వింటే, రెండు శబ్దాలన్నాక అంతే మరి అనేవాడు.