మట్టి దాచలేని మొఱ

ధ్యానభాగములు: ఆదికాండము 4:8–10, మత్తయి 28:11–15



సమాధి కావలివారు పట్టణములోనికి వచ్చి జరిగినదంతయు తెలిపినప్పుడు ప్రధానయాజకులు ఏమి చేసిరి? విచారింపలేదు, ద్రవ్యమిచ్చి ఒక కథ నేర్పిరి. శిష్యులే దేహమును దొంగిలించిరను ఆ కథ చాలకాలము ప్రచారములో నుండెను. దుఃఖములో నున్నవారినే మోసగాండ్రుగా చూపుట ప్రాచీనమైన ఉపాయము.

ఇట్టిదే 1964లో అమెరికాలోని మిస్సిసిపీ రాష్ట్రమున జరిగెను. నల్లజాతివారి ఓటుహక్కు కొరకు పాటుపడుచుండిన జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అను యువకులు జూన్ 21, ఆదివారమున, కాల్చివేయబడిన మౌంట్ సీయోను మెథడిస్టు దేవాలయమును చూడబోయిరి. తిరుగు త్రోవలో డిప్యూటీ షెరీఫు వారిని పట్టి చెరలో ఉంచి, రాత్రివేళ విడిచెను. తరువాత వారి జాడ తెలియలేదు.

అప్పుడు పుట్టిన మాటలు వినుడి. ప్రచారము కొరకు ఎక్కడనో దాగియున్నారని షెరీఫు చెప్పెను. క్యూబాలో ఉండవచ్చునని గవర్నరే పలికెను. ఇదంతయు కపటనాటకమని అనేకులు నమ్మిరి. నమ్మినవారిలో ఆదివారము తప్పక ఆరాధనకు వెళ్లువారును ఉండిరి. ఆ దినములలోనే మిస్సిసిపీ నదీప్రాంతపు నీటిలో, మే నెలలో చంపబడిన మరి ఇద్దరు నల్లజాతి యువకుల అవశేషములు దొరకెను. వారి కొరకు అంతవరకు దేశము వెదకనేలేదు.

44 దినములకు, ఆగస్టు 4న, ఒక చెరువు మట్టికట్టలో ఆ ముగ్గురి దేహములు బయలుపడెను. హేబెలు రక్తమును మట్టి దాచలేదు. వీరి రక్తమును దాచలేదు.

కుట్ర నిజముగానే ఉండెను. అయితే అది తప్పిపోయినవారిది కాదు, వెదకవలసినవారిలో కొందరిది. 1967లో ఫెడరల్ న్యాయస్థానమున ఆ డిప్యూటీతో కూడ ఏడుగురు దోషులుగా తేలిరి. ముద్దాయిలలో నొక బాప్టిస్టు బోధకుని విషయమై పదునొకండుగురు జ్యూరీ సభ్యులు దోషి యనగా, బోధకుని దోషి యనజాలనని ఒకరు నిలిచిరి. అతడు ఇంటికి వెళ్లెను. 41 సంవత్సరములకు, 2005 జూన్ 21న, అతని మీద నరహత్యా నేరము స్థిరపడెను.

ప్రియులారా, మనము వారిని నిందించి ఊరకుందుమా? బలహీనుడు దెబ్బతిన్నాడని వినగానే, తానే చేసికొనెను, వెనుక ఎవరో ఉన్నారు అని మనమును పలుకుచున్నాము. ఏలయనగా ఆ మాట నిజమైతే మనము లేచి వెళ్లనక్కరలేదు. కాబట్టి ఒక వార్త మన చెవిని పడినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందము: దీనికి సాక్ష్యమేమి? ఇది తప్పిపోయినవాని వెదకుటకు మనలను పంపుచున్నదా, కూర్చుండబెట్టుచున్నదా? అన్యాయమునకు గురియైనవారి పక్షముననైనను, సాక్ష్యము లేని కుట్రను మనము అల్లరాదు. అబద్ధము సత్యమునకు ఊతకఱ్ఱ కానేరదు.

నీ సహోదరుడెక్కడ అని ప్రభువు అడుగునప్పుడు, మన యొద్ద కథ కాదు, జవాబు ఉండును గాక. ఆమేన్.