ద్వారముపై నామము

చిత్రశాలకు ఎవరి పేరు పెట్టుట ధర్మము? గీసినవానిదా, కొని దాచినవానిదా?

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రమున బెంటన్‌విల్ అను పట్టణము కలదు. వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ కుమార్తె ఆలిస్ వాల్టన్ అచ్చట నెలకొల్పిన చిత్రశాలను 2011 నవంబరు 11న తెరచిరి. దానికి ఆమె తన వంశనామమును పెట్టలేదు. సమీపముననున్న క్రిస్టల్ అను ఊటను, నీటిపై కట్టిన వంతెనలను బట్టి అది క్రిస్టల్ బ్రిడ్జెస్ అయినది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము సేకరించినవారి పేరనే యున్నది. రాజమహేంద్రవరమున మాత్రము, ఇరువది యెనిమిదేండ్లు నిండకయే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేర చిత్రశాల కలదు. నాకు ఇదియే మిక్కిలి న్యాయముగ తోచును.

బెంటన్‌విల్‌లోనిది వినయము కాదనను. కాని పేరు వదలుకొనుటకు ముందు పేరుండవలెను గదా! మారిషసు చెరకుతోటలకు వచ్చిన మన పెద్దలకు సర్కారువారు సంఖ్యల నిచ్చిరి. పేర్లను గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనెను. వారు పేరు వదలుకొనలేదు, పోగొట్టుకొనిరి.

మా ఆలయమున తెలుగు తరగతికి క్రొత్త గది కట్టుచున్నారు. దాత పేరు చెక్కింపవలెనని పలువురి అభిప్రాయము. దాత లేనిదే గోడ లేదు, నిజమే. అయినను, మాకు అక్షరములు దిద్దించిన వృద్ధుని పేరు పెట్టుడని సభలో కోరితిని. సరే, చెప్పుడనిరి. నాకు తెలియలేదు, అచ్చటనున్న పెద్దలకును తెలియలేదు. అందరము ఆయనను మాస్టరుగారనియే పిలిచెడివారము.