నలుగురిలో ఒంటరి

మా అమ్మకు ఉర్దూ రాదు. మేం దూదేకులోళ్లం. నమాజుకు కావలసిన సూరాలు కంఠతా వచ్చు గానీ, ఏడ్చినా నవ్వినా తెలుగే. గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో ఆమె కొందరికి వదిన, కొందరికి పిన్నమ్మ. పీర్ల పండక్కి గుండం చుట్టూ ఎవరు ఏ కులమో చూసినవాళ్లు లేరు.

నాయన పోయాక హైదరాబాదు తెచ్చుకున్నాను. నా పేరు చెప్పగానే 'నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశాం' అన్న ఇళ్లు మూడు. చివరికి మనవాళ్ల బస్తీలోనే దొరికింది. అక్కడ పక్కింటావిడ మొదటి మాటే 'ఉర్దూ నై ఆతా? కైసే ముసల్మానాఁ?' అంది. ఆ రాత్రి అమ్మ అంది: "ఊళ్లో మనయి నాలుగు కొంపలే గదరా. అయినా ఇట్టా అనిపించలా."

ఆ మాట నన్ను వదల్లేదు. ఒంటరితనం మనుషులు లేకపోవడం కాదని పండితులు ఎప్పుడో చెప్పారు. పెర్ల్‌మన్, పెప్లా 1981లో దాన్ని మనం కోరుకునే బంధాలకూ, ఉన్న బంధాలకూ నడుమ ఎడం అన్నారు. సరే, ఎంత కోరుకోవాలో నేర్పేదెవరు? పెరటి గుమ్మంలోంచి అడక్కుండా వచ్చి చింతపండు పట్టుకుపోయే పొరుగును చూసి పెరిగిన మనిషికి టీవీ ఏం చాలుతుంది? నేనేం చాలుతాను?

2018లో బీబీసీ జరిపిన సర్వేలో 46 వేల మంది జవాబుల్ని విశ్లేషిస్తే, ఎవరి బతుకు వారిదే అనే సమాజాల్లో ఒంటరితనం ఎక్కువని తేలింది. మనవాళ్లు ఇది విని మీసం దువ్వుతారు. ఆగండి. మన తెలుగులో 'నలుగురు' అనే మాటుంది. కష్టానికి నలుగురు, పాడె మోయడానికీ జనాజా మోయడానికీ నలుగురు. 'నలుగురూ ఏమనుకుంటారో' అని నోరు నొక్కేదీ ఆ నలుగురే. ఆ లెక్కలోకి ఎవరొస్తారో ఎవరు తేల్చారు? ఊరి పెళ్లిళ్లలో మా విస్తర్లు వేరే వరసలో పడేవి. అమ్మ దాన్ని ఒంటరితనం అనలేదు, ఆనవాయితీ అంది. నొప్పి తెలియనంత మాత్రాన గాయం లేనట్టేనా? నాకిప్పటికీ జవాబు దొరకలేదు.

బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి మంత్రుల్ని పెట్టుకున్నాయి. మంచిదే. కానీ దాన్ని ఒంటరివాడి జబ్బుగా చూస్తే, తలుపు మూసినవాడు సుఖంగా తప్పుకుంటాడు. అద్దెకివ్వని హిందూ యజమానే కాదు, ఉర్దూతో ఇమాన్ కొలిచే మనమూ. ఈ మాటకు నా వాళ్లకు కోపం వస్తే రానీ.

ఈమధ్య పక్కింటి పిల్ల తెలుగు పుస్తకం పట్టుకుని వచ్చేది. అమ్మకు చదువు రాదు. పిల్ల కూడబలుక్కుని చదివితే 'మోట', 'కల్లం' అంటే ఏమిటో అమ్మ చేతులు తిప్పి చూపించేది. ఇద్దరూ ఒకటే నవ్వులు. మొన్న ఆ పిల్ల రాలేదు. పరీక్షలైపోయాయట. పొద్దుగూకిందాకా అమ్మ తలుపు గడియ పెట్టనివ్వలేదు.