పొగ మానినవాని పొగరు

పొగత్రాగుట మానుట కష్టమని లోకమెల్ల నెరుగును. తాను మానిన పిమ్మట, మానని వానిని సాటి మనుష్యునిగా జూచుట యంతకంటె కష్టమని మేము గట్టులో నుపాధ్యాయులమై యుండగా దెలిసికొంటిమి.

మేము దాదాపిరువది యేండ్లు సిగరెట్లు కాల్చితిమి. అంతయు చాటుననే. ఒకనాడు మా దుస్తుల వాసన పసిగట్టి, పై యధికారి యొకరు పదిమందిలో మమ్ము పరిహసించిరి. అప్పుడు మాకు గలిగినది పశ్చాత్తాపము గాదు, జాగ్రత్త. నాటినుండి జేబులో నేలకులు వేసికొని తిరిగితిమి.

సంస్కృతము చదివినవారము గనుక సాకులకు గొరత లేదు. చరకసంహితలో ధూమపానవిధి గలదని మిత్రులతో వాదించెడివారము. ఆ ధూమవర్తి యోషధులతో జేయబడినదనియు, పొగాకు అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినదనియు నెరిగియే వాదించెడివారము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డకు వాయవ్యమున నున్న బిజాపురమునుండియే అసద్ బేగు 1604 ప్రాంతమున పొగాకు గొనిపోయి అక్బరు పాదుషాకు జూపెను. 1617లో జహంగీరు దానిని నిషేధించెను. పాదుషా పోయెను, నిషేధము పోయెను, పొగాకు నిలిచెను. కన్యాశుల్కములో గిరీశము చుట్టను జూచి నవ్వినవారెందరో. అందువలన దమ చుట్టను పారవేసినవారిని మేము చూడలేదు.

మేము నాలుగవ ప్రయత్నమున మానగలిగితిమి. నికొటిను లేని మొదటి దినములలో తలనొప్పి, నిద్రలేమి, కారణము లేని కోపము. కొన్ని వారములకు బాధ చాలవరకు తగ్గినది. ఇది దేహధర్మము, పలుమారులు తప్పిన పిదపనే పెక్కుమంది మానగలుగుదురని వైద్యులు చెప్పుదురు. అయినను జనులు మెచ్చుకొనగా మేము దానిని తపస్సుగా లెక్కగట్టుకొంటిమి.

ఆ లెక్క యారవ నెలలో బయటపడినది. పత్తివిత్తనముల చేలలో పనిచేసి వచ్చిన యొక తండ్రి, కొడుకును దీసికొనిపోవుటకై బడి గేటు లోపల నిలిచి బీడీ వెలిగించెను. మాకంటె వయసున పెద్దవాడు. "బిడ్డను చదివించవచ్చినావా, చంపవచ్చినావా నువ్వు?" అని పిల్లలందరు వినునట్లు కేక వేసితిమి. "తప్పయింది సారూ" అని యాయన బీడీని నలిపి చెవిమీద బెట్టుకొనెను. పిల్లవాడు తండ్రిని జూడలేదు, మమ్మును జూడలేదు. నాలుగు దినములు బడికి రాలేదు.

మా మాటలో నిజము లేకపోలేదు. ఏటేట డెబ్బది లక్షలకు మించి మరణములకు పొగాకు కారణమనియు, అందు పది లక్షలకు పైగా ఇతరుల పొగ పీల్చినవారివనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2003 నాటి చట్టమును, 2008 అక్టోబరు 2న అమలునకు వచ్చిన నియమములును బహిరంగస్థలములలో పొగత్రాగరాదనుచున్నవి. జరిమానా రెండువందల రూపాయల వరకు. అయితే ఆ చట్టము స్థలమును గూర్చి మాటలాడునే గాని మనుష్యుని గుణమును గూర్చి తీర్పు చెప్పదు. తీర్పు మేము చెప్పితిమి. ఆ గేటులో నొక యధికారి కారు దిగి సిగరెట్టు వెలిగించియుండిన, "అయ్యా, దయచేసి బయట" అనియుందుము. ఇందు మాకు సందేహము లేదు. తునికాకు బీడీవానికి 'నువ్వు', తెల్లకాగితపు సిగరెట్టువానికి 'అయ్యా'!

మెత్తగా జెప్పిన పిల్లలు పొగకు భయపడరని మా సహోపాధ్యాయు డొకడు వాదించెను. భయపడుదురు, నిజమే. భయపడినవాడు నేర్చుకొనునది యేలకులు మోయుట. అది మాకు స్వానుభవము.

అయిదవ దినము సాయంకాలము వారి యింటికి బోయితిమి. అరుగుమీద గూర్చుండి, ఇరువది యేండ్ల మా సంగతి కొడుకు వినుచుండగనే చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఎట్ల మానితివి సారూ?" అని యడిగెను. అంతవరకు మమ్ము మెచ్చినవారిలో నొక్కరును ఈ ప్రశ్న వేయలేదు. మూడుమారులు తప్పిన వృత్తాంతము చెప్పి, మానదలచినవారికి సలహా యిచ్చు ప్రభుత్వపు ఫోను సంఖ్య 1800112356 కాగితముపై వ్రాసి యిచ్చితిమి.

మరునాడు పిల్లవాడు బడికి వచ్చెను. తండ్రి యిప్పటికి రెండుమారులు మాని, రెండుమారులును మరల మొదలుపెట్టెను. రెండుసారులును ఆ సంగతి తానే వచ్చి మాకు జెప్పెను.