నీటి వాసనకు చిగురించు మోడు

మూలవాక్యములు: యోబు 14:7-10, యెషయా 6:13, అపొస్తలుల కార్యములు 3:21

నరకబడిన చెట్టునుగూర్చి యోబు భక్తుడు పలికిన మాట నేలను ఎరిగిన మనుష్యుని మాట. చెట్టుకు నిరీక్షణ యున్నదనియు, దాని వేరు భూమిలో ముదిసిపోయినను, నీటి వాసన తగిలినంతనే అది లేతమొక్కవలె కొమ్మలు వేయుననియు ఆయన చెప్పెను. అయితే వెంటనే ఆయన స్వరము మారుచున్నది. మనుష్యుడు మరణించిన తరువాత అతడెక్కడ? చెట్టుకున్న పాటి నిరీక్షణ నాకు లేదా? ఇది కుమారులను కుమార్తెలను పాతిపెట్టిన తండ్రి ప్రశ్న. దీనికి తొందరపడి జవాబు చెప్పుట తగదు. మొదట ఆ చెట్టును, ఆ నీటిని సమీపముగా చూతము.

1. నీరు పోయిన నేల, నిప్పు ఆరిన నేల

అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రపు నడిభాగములో నెసీడా అను వన్యప్రాణుల ఆశ్రయస్థానము కలదు. దాని విస్తీర్ణము సుమారు 44,000 ఎకరములు. పూర్వమచట రెండు విధముల భూమి ప్రక్కప్రక్కన ఉండెను. పల్లములో తుంగయు రెల్లును పెరుగు విశాలమైన చిత్తడినేల. మెరక ఇసుకనేలలో గడ్డియు, ఆ గడ్డి నడుమ దూరదూరముగా నిలిచిన ఓక్ వృక్షములును. మన తెలుగు బైబిలులో సింధూర వృక్షమను పేరుతో కనబడునది ఈ ఓక్ జాతియే. అడవియు కాక, ఉత్త మైదానమును కాక, వెలుతురు నేలవరకు దిగునట్టి ఈ భూమిని సవన్నా అందురు.

ఈ సవన్నాను నిలిపినది నిప్పు. పిడుగులవలన కొంతయు, ఆదివాసులు కాలమెరిగి పెట్టిన మంటలవలన కొంతయు గడ్డి కాలుచుండెను. బర్ ఓక్ అను జాతికి దళసరియైన బెరడుండుటచేత ఆ మంట దానిని చంపలేదు. నీడ కమ్మించు ఇతర వృక్షములు మాత్రము కాలిపోవుచుండెను. ఆ దేశము హో-చంక్ జనులది. 1837లో జరిగిన ఒడంబడికతో మిసిసిపీ నదికి తూర్పుననున్న వారి భూములన్నియు చేజారెను. ప్రభుత్వము వారిని పలుమారు పడమటికి తరిమెను. వారిలో అనేకులు మరల మరల తిరిగి వచ్చిరి. నేలను కాచినవారు త్రోలివేయబడగా వారితో కూడ నిప్పును ఆరిపోయెను. కొన్ని దశాబ్దములలోనే తెరపి నేలలు దట్టమైన అడవులై మూసుకొనిపోయెను. ఆ దేశపు మధ్యపశ్చిమ భాగమంతటిలో చెడక మిగిలిన ఓక్ సవన్నా పూర్వమున్న దానిలో పదివేలకు రెండు వంతులు మాత్రమేయని 1986లో ప్రకటింపబడిన పరిశీలన తెలుపుచున్నది.

పల్లపు నేలకు వేరొక గతి పట్టెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో సేద్యము చేయగోరినవారు పొడుగైన కాలువలు త్రవ్వి చిత్తడినీటిని వెళ్లగొట్టిరి. నీరు పోయెను గాని పంట నిలువలేదు. ఆ పల్లములో వేసవియందు సహితము మంచు పడి పైరును మాడ్చెను. నీటిలో మునిగియుండవలసిన పీట్ అను మెత్తటి నేల ఎండిపోయి, నిప్పంటుకొని లోలోపల కాలెను. కాలువల పన్ను మాత్రము కట్టక తప్పలేదు. అనేక కుటుంబములు భూములు విడిచి వెళ్లెను. 1930లలో ప్రభుత్వము అట్టి భూములను కొని, 1939లో ఈ ఆశ్రయస్థానమును స్థాపించెను.

ఇచట రెండు నష్టములను మనము గుర్తింపవలెను. ఉండవలసిన నీరు వెళ్లగొట్టబడెను; ఉండవలసిన నిప్పు ఆర్పబడెను. జీవజలముల ఊటను విడిచి, నీళ్లు నిలువని తొట్లను తొలిపించుకొన్న జనమునుగూర్చి యిర్మీయా విలపించెను (2:13). ఆత్మను ఆర్పవద్దని పౌలు థెస్సలొనీకయ సంఘమును హెచ్చరించెను (1 థెస్స. 5:19). ఎండిపోవుటయు చీకటిపడుటయు సంఘమునకును వచ్చును. మొదటిది లాభాపేక్షవలన వచ్చును. రెండవది భయమువలన వచ్చును. మంటకు జడిసి వెలుతురును పోగొట్టుకొన్న అడవివలె, గద్దింపునకు జడిసిన సంఘము కొలది కాలములోనే తన నీడలో తానే కృశించును.

2. నేలలో నిలిచియున్నది

అయినను సమస్తము పోలేదు. ఓక్ చెట్టు పైభాగము కాలినను, నరకబడినను, దాని వేరు ఏండ్ల తరబడి నేలలో బ్రతికియుండి, వెలుతురు సోకినప్పుడు చిగుర్చును. చిత్తడినేల మొక్కలలో అనేకముల విత్తనములు మట్టిలో నిద్రించుచు నీటికై కనిపెట్టుకొనియుండును. కాబట్టి పునరుద్ధరించువారి పనిలో అధికభాగము అడ్డులను తీసివేయుటయే. కాలువలను పూడ్చి, గట్లు కట్టి, తూముల ద్వారా నీటిని నిలుపుదురు. కమ్ముకొన్న చెట్లను నరికి తెరపి చేయుదురు. గాలి దిక్కును, తేమను, గడ్డి ఎండుదలను పరీక్షించి, చుట్టును హద్దుబాట తీసి, అప్పుడు నిప్పు పెట్టుదురు. అది కోపముతో పెట్టిన మంట కాదు. లెక్కతో పెట్టిన మంట.

అప్పుడేమగుచున్నది? వెలుతురు దిగినచోట అడవి లూపిన్ అను నీలిపూల మొక్క పెరుగును. కార్నర్ నీలి సీతాకోకచిలుక గొంగళిపురుగుకు ఆ మొక్క ఆకు తప్ప వేరు ఆహారము లేదు. 1992లో అంతరించు ప్రమాదముగల జీవుల జాబితాలో చేర్చబడిన ఆ చిన్న ప్రాణికి నెసీడా నేడు ముఖ్యమైన నివాసము. ఎవరును సీతాకోకచిలుకను తయారుచేయలేదు. నీడను తొలగించిరి, దేవుడు వృద్ధి కలుగజేసెను (1 కొరింథీ. 3:6, 7).

యెషయాకు కలిగిన పిలుపు ఈ వెలుగులో చదువదగినది. పట్టణములు పాడగును, మిగిలిన పదియవ వంతును నాశనమగునని విన్న ప్రవక్తకు చివరి మాటలో దొరికినది ఒక మొద్దు మాత్రమే. ఆ మొద్దులోనే పరిశుద్ధమైన విత్తనమున్నదని దేవుడు చెప్పెను. తల్లి పెట్టిన ప్రార్థన, ఆదివారపు బడిలో కంఠస్థము చేసిన వచనము, మరువబడిన బాప్తిస్మపు ప్రమాణము — ఇవి దారి తప్పిన కుమారుని హృదయపు మట్టిలో చచ్చినవని మనము తీర్పు తీర్చకూడదు. వానిని త్రవ్వి చూచుట మన పని కాదు. నీరు చేరుటకు మనము అడ్డుగా నున్నామా యని చూచుకొనుటయే మన పని.

3. కాచువాని ఓర్పు

ఆదికాండము 2:15లో మనుష్యుని కప్పగింపబడిన పనికి హెబ్రీ భాషలో రెండు క్రియలున్నవి. మొదటిది ‘ఆబద్’, సేద్యము చేయుట యనియు, సేవించుట యనియు దానికర్థము. రెండవది ‘షామర్’, కాపాడుట. యెహోవా నిన్ను ఆశీర్వదించి కాపాడుననెడి యాజకుని దీవెనలో (సంఖ్యా. 6:24) ఉన్నదియు ఈ క్రియయే. దేవుడు మనలను ఎట్లు కాపాడునో అట్లు మనము నేలను కాపాడవలెననుట ఈ మాటల పొందికలో నిమిడియున్నది.

ఈ కాపు ఎంత ఓర్పు కోరునో నెసీడాలోని తెల్లని సారసపక్షులు నేర్పుచున్నవి. వూపింగ్ క్రేన్ అను ఈ పక్షి దాదాపు అయిదడుగుల ఎత్తుండును. 1941 నాటికి ఇవి లోకమంతటిలో ఇరువదికి కొంచెము పైగా మాత్రమే మిగిలెను. 2001లో నెసీడాయందు పెంచబడిన పిల్లపక్షులకు వలసదారి నేర్పుటకు, తెల్లని ముసుగువస్త్రములు ధరించిన మనుష్యులు చిన్న విమానములను నడుపుచు ఫ్లోరిడా వరకు వాటి ముందు సాగిరి. మనుష్యరూపమునకు అలవాటు పడకుండునట్లు వారు తమ ముఖమును మరుగుపరచుకొనిరి, పక్షుల యెదుట నోరు మెదపలేదు. ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నదని చెప్పిన బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్య (యోహాను 3:30) ఇట్టిదే. 2006లో అచట అరణ్యములోనే పిల్లలు పొదుగబడెను.

అటుపిమ్మట కష్టము వచ్చెను. కుట్టెడి నల్ల ఈగల బాధకు తాళలేక పక్షులనేకములు గుడ్లను విడిచి లేచిపోయెను. పనివారు పనిని మానలేదు. 2011 నుండి క్రొత్త పిల్లలను ఆ రాష్ట్రపు తూర్పుభాగములోని చిత్తడినేలలలో విడిచిరి. దేవుని పని గనుక ప్రతి సంవత్సరము ఫలము కనబడవలెనని ఎంచు సేవకుడు ఈ సంగతిని ధ్యానించునుగాక.

తెలుగువారికి ఇది పరాయి సంగతి కాదు. మన కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సార్ జాబితాలో చేరెను. 2006లో సరస్సునాక్రమించిన చేపల చెరువుల గట్లు పెద్దయెత్తున తెంపబడెను. తరువాత మరల గట్లు లేచిన చోట్లు కలవు. గట్టు తెగినప్పుడు పెద్దవారి పెట్టుబడితో పాటు బీదవాని కూలియు పోవుచున్నది. కాబట్టి నేలకు న్యాయము చేయుచు బీదవానికి అన్యాయము చేయుట సంపూర్ణమైన కాపు కాదు. విశ్రాంతి సంవత్సరపు ధర్మము నేలను, దరిద్రుని, అడవిమృగమును ఒక్క వచనములోనే జ్ఞాపకము చేసికొన్నది (నిర్గమ. 23:11).

4. యోబు ప్రశ్నకు జవాబు

మోడు చిగుర్చుట సత్యమే. అయితే అన్ని మోడులును చిగుర్చవు. 1871లో ఇదే నడి విస్కాన్సిన్ అడవులలో కోట్లకొలది ప్యాసింజర్ పావురములు గూళ్లు కట్టెను. ఓక్ కాయలు వాటికి ఆహారము. వేటగాండ్రు వాటిని విడువలేదు. 1914లో ఆ జాతిలో కడపటి పక్షి సిన్సినాటి జంతుశాలలో చనిపోయెను. కాలువలెన్ని పూడ్చినను అవి తిరిగి రావు. వేరును లేని చోట నీటి వాసన ఏమి చేయగలదు? యోబు కన్నీటి ప్రశ్న సరిగా ఇచటనే నిలిచియున్నది. ప్రకృతి దానికి జవాబు చెప్పదు.

జవాబు మరియొక మోడునుండి వచ్చెను. యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టునని ప్రవక్త చెప్పెను (యెషయా 11:1). ఆ చిగురు మ్రానుమీద వ్రేలాడదీయబడి, తోటలోని సమాధిలో ఉంచబడెను. మూడవ దినమున ఆయనను లేపినది మిగిలిన వేరులోని శక్తి కాదు. లేనివాటిని ఉన్నట్టుగా పిలుచు దేవుని శక్తియే. అందుచేత పునరుత్థానము చిగురించుట కన్న గొప్పది. చెట్టుకు నిరీక్షణ కలదు; మనకు ప్రభువు కలడు.

పేతురు దేవాలయ మంటపములో ప్రసంగించుచు సమస్తము తిరిగి నిలుపబడు కాలములనుగూర్చి చెప్పెను. ఆ గ్రీకు మాటను మన పెద్దలు ‘కుదురుబాటు’ అని తెలిగించిరి. చక్కని మాట. కుదురనగా స్థిరత్వము, వరిదుబ్బు మొదలును కుదురే. ఊచచేయి గలవాని చేయి బాగుపడినప్పుడు (మార్కు 3:5) సువార్తికుడు వ్రాసినదియు ఆ ధాతువునుండి వచ్చిన క్రియయే. చేయి చాపుమని ప్రభువు ఆజ్ఞాపించెను. చాపుట ఆ మనుష్యుని వంతు, స్వస్థత ప్రభువు వంతు. సృష్టి మూలుగుచు కనిపెట్టుచున్న ఆ దినము వచ్చువరకు (రోమా. 8:19-22) మన చేతికి అందిన కాలువను పూడ్చుదము, మనకప్పగింపబడిన నిప్పును జాగ్రత్తగా కాతము. నలిగిన రెల్లును విరువనివాడు, ఆరిపోవుచున్న వత్తిని ఆర్పనివాడు (యెషయా 42:3) మన యజమానుడు.

ప్రార్థన: సమస్తమును సృజించి సమస్తమును కాపాడు తండ్రీ, మేము ఎండగొట్టిన నేలలకొరకును, తరుమబడిన జనులకొరకును, తిరిగిరాని ప్రాణులకొరకును దుఃఖించు హృదయము మాకిమ్ము. మా యెండిన అంతరంగమునకు నీ జీవజలమును, మా చీకటికి నీ యగ్నిని పంపుము. మేము చూడలేని వేరులను నీవు చూచుచున్నావని నమ్మి, ఫలము కనబడని సంవత్సరములలోను పని విడువకుండ మాకు ఓర్పు దయచేయుము. మృతులలోనుండి లేచిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.