ఓడలో అండమాన్‌కి



అండమాన్ వెళ్దామనుకుని, విమానం టికెట్ ధర చూసి ఆగిపోయేవాళ్లు ఎందరో. విశాఖపట్నం రేవు నుంచి ఓడ కూడా ఉంది. రోజూ ఉండదు. తేదీలు ముందే కనుక్కోవాలి. బంక్ టికెట్ సామాన్యుడికీ అందుతుంది. కాకపోతే సముద్రం మీద రెండు మూడు రోజులు. డబ్బు తక్కువ పెట్టేవాళ్లు కాలం ఎక్కువ పెట్టాలి.

పోర్ట్‌బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీవిజయపురంలో, దిగగానే తెలుగు మాట వినిపిస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. కానీ అక్కడే ఆగిపోకండి. లాంగ్ ఐలాండ్ అనే దీవికి ప్రభుత్వ ఫెర్రీ ఎక్కండి. అది మన పల్లెవెలుగు బస్సు లాంటిది. బియ్యం బస్తాలు, కూరగాయల బుట్టలు, బడికెళ్లే పిల్లలు, మధ్యలో మీరు.

లాంగ్ ఐలాండ్‌లో దిగాక, లాలాజీ బే తీరానికి అడవిలోంచి కాలిబాట. నడవాలి. దానికీ కాలమే పెట్టుబడి. పెద్ద చెట్ల వేళ్లు నేల విడిచి పలకల్లా లేచి ఉంటాయి. రెండు వేళ్ల నడుమ మనిషి దాక్కోవచ్చు. వాన వెలిసినా ఆకుల మీంచి చినుకులు రాలుతూనే ఉంటాయి. ఆ చెట్లు అయిపోయిన చోటే ఇసుక.

మొసలి హెచ్చరిక బోర్డున్న చోట నీళ్లలో దిగొద్దు. పగడాలు ఏరుకోవద్దు. గాలివానొస్తే ఫెర్రీ ఆగిపోతుంది. అందుకే తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.